ఒలింపిక్ డ్యామ్: ఇనుము వెనక దాగిన రాగి కథపై తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ ఆస్ట్రేలియాలోని ఒలింపిక్ డ్యామ్ గురించి నన్ను అడిగేవాళ్ళు రకరకాలు. జియాలజీలో ఎమ్మెస్సీ చేస్తున్నవాళ్ళు, జియో సైంటిస్ట్ పరీక్షకు చదువుతున్నవాళ్ళు, అడిలైడ్‌లో పిల్లలున్న తల్లిదండ్రులు, ఏదో అన్వేషణ కంపెనీ షేర్లు కొనబోతున్నవాళ్ళు. సందేహాలు మాత్రం అవే తిరిగి తిరిగి వస్తుంటాయి. అందుకే వాటిని దశలవారీగా ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టి చదువుకోవచ్చు. రాగి కోసం వెతికినవాళ్ళకు ఇనుము దారి చూపడం, పట్టుకున్న సిద్ధాంతం సగం తప్పయినా బోరు సరైన చోట పడడం ఈ కథలో నన్ను ఇప్పటికీ వదలని విషయాలు.

## మొదటి పరిచయం

ఒలింపిక్ డ్యామ్ అంటే ఆనకట్టా, గనా?

ఇప్పుడది గని. పేరు మాత్రం పశువులు నీళ్ళు తాగడానికి తవ్విన ఒక చిన్న కుంట నుంచి వచ్చింది. రాక్స్‌బీ డౌన్స్ అనే విశాలమైన గొర్రెల పెంపకం భూమిలో ఆ కుంట ఉండేది. మెల్‌బోర్న్‌లో 1956లో ఒలింపిక్స్ జరిగాయి కదా, ఆ సందర్భంగా దానికి ఆ పేరు పెట్టారు. తర్వాత ఆ కుంట దగ్గర బోరు వేసినప్పుడు ప్రాస్పెక్ట్‌కూ అదే పేరు వచ్చింది. అడిలైడ్ నుంచి ఉత్తర వాయవ్య దిశగా సుమారు 550 కిలోమీటర్ల దూరం. ఎర్ర ఇసుక దిబ్బలు, పొదలు తప్ప పైన పెద్దగా ఏమీ కనబడని నేల.

ప్రాస్పెక్ట్, నిక్షేపం, గని మూడూ ఒకటే కదా?

కాదు. ఖనిజం ఉండొచ్చని ఆశ కలిగించే చోటు ప్రాస్పెక్ట్. అక్కడ కొలవదగినంత ఖనిజం నిజంగా ఉందని బోర్లు వేసి తేల్చాక అది నిక్షేపం. దాన్ని తవ్వి లాభంగా అమ్మగలిగితే గని. వంద ప్రాస్పెక్టుల్లో చాలావరకు నిక్షేపం దశకే రావు. ఒలింపిక్ డ్యామ్ 1975లో మొదటి బోరు వేసేనాటికి కేవలం ప్రాస్పెక్ట్. 1988లో గని అయింది. వార్తల్లో ఈ మూడు మాటలనూ కలిపేసి రాస్తుంటారు, అక్కడే చాలామంది పొరబడుతున్నారు.

రాగి, ఇనుము ఒకే చోట ఎలా ఉంటాయి? దీన్ని ఏ రకం అంటారు?

ఈ రకానికి ఐరన్ ఆక్సైడ్ కాపర్ గోల్డ్ అని పేరు. పొట్టిగా ఐఓసీజీ. హెమటైట్ లేదా మాగ్నెటైట్ అనే ఇనుప ఆక్సైడ్ల రూపంలో ఇనుము కుప్పలుగా ఉంటుంది, దానితో పాటు రాగి, బంగారం, కొన్నిచోట్ల యురేనియం, అరుదైన మూలకాలు ఉంటాయి. ఇలాంటివన్నీ ఒక కుటుంబమని గట్టిగా చెప్పిన పరిశోధనా వ్యాసం హిట్జ్‌మన్, ఒరెస్కిస్, ఐనౌడీలది, 1992లో వచ్చింది. అంటే ఒలింపిక్ డ్యామ్ బయటపడిన పదిహేడేళ్ళకు దాని రకం స్థిరపడింది. కనిపెట్టినవాళ్ళు ఐఓసీజీ కోసం వెతకలేదు. అప్పటికి ఆ మాటే లేదు.

## బోరుకు ముందు వెతుకులాట

పైన ఏమీ కనబడనప్పుడు అక్కడే ఎందుకు వెతికారు?

వెతికింది వెస్టర్న్ మైనింగ్ కార్పొరేషన్. 1966లో కంబాల్డాలో నికెల్ కనుగొని పేరు తెచ్చుకున్న కంపెనీ అది. వాళ్ళ భూగర్భ శాస్త్రవేత్త డగ్లస్ హేన్స్ తన పరిశోధనలో ఒక విషయం గమనించాడు. బసాల్ట్ రాయి (లావా గడ్డకట్టి ఏర్పడే నల్లరాయి) ఆక్సీకరణ చెందినప్పుడు అందులోని రాగి బయటికి పోతుంది. ఆ రాగి ఎక్కడో ఒకచోట, పైనున్న అవక్షేప శిలల్లో చేరాలి కదా అన్నది ఆయన తర్కం. కాబట్టి లోతులో బసాల్ట్ గుట్ట, పైన అవక్షేప శిలలు ఉన్నచోటు వెతకాలి. బసాల్ట్ బరువైనది, అయస్కాంత గుణం ఉన్నది. ప్రభుత్వ సంస్థ ప్రచురించిన గ్రావిటీ, మాగ్నెటిక్ పటాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఆ రెండింటిలోనూ ఒకేచోట ఉబ్బెత్తు, అంటే చుట్టుపక్కల కన్నా ఎక్కువ విలువ, కనబడిన ప్రదేశాల్లో ఒలింపిక్ డ్యామ్ ఒకటి.

గ్రావిటీ సర్వే అంటే అసలేం కొలుస్తారు?

భూమి ఆకర్షణలో చోటుచోటుకీ ఉండే అతి చిన్న తేడాను. ఒక ఘనపు మీటరు నీరు టన్ను బరువు. అంతే గ్రానైట్ సుమారు 2.65 టన్నులు, అంతే హెమటైట్ 5.2 టన్నుల దాకా ఉంటుంది. గ్రానైట్ మధ్యలో హెమటైట్ పెద్ద ముద్దగా ఉంటే దాని మీద ఆకర్షణ రవ్వంత పెరుగుతుంది. ఆ తేడాను మిల్లీగాల్‌లలో చెబుతారు. ఒక మిల్లీగాల్ అంటే భూమి మొత్తం ఆకర్షణలో దాదాపు పది లక్షల వంతు. పరికరాన్ని నేల మీద పెట్టి ఒక్కొక్క చోటా రీడింగ్ తీసుకుంటూ పోతారు, ఎత్తు తేడాలకు సవరణలు చేస్తారు, పటం గీస్తారు.

మూత పెట్టిన గిన్నెను చేత్తో ఎత్తి లోపల పప్పుందో నీళ్ళున్నాయో ఊహించడం లాంటిదే ఇదీ. బరువు తెలుస్తుంది, పదార్థం తెలియదు. పైగా తక్కువ లోతులో ఉన్న చిన్న ముద్ద, ఎక్కువ లోతులో ఉన్న పెద్ద ముద్ద దాదాపు ఒకే రకం ఉబ్బెత్తు చూపించగలవు. ఈ చిక్కును ఏ కంప్యూటరూ పూర్తిగా తీర్చలేదు, చివరికి బోరు వేయాల్సిందే.

ఇనుము ఉంటే మాగ్నెటిక్ సర్వే చాలు కదా, గ్రావిటీ ఎందుకు?

ఇనుప ఖనిజమంతా అయస్కాంతానికి అంటుకోదు. మాగ్నెటైట్ గట్టిగా లాగుతుంది, హెమటైట్ చాలా బలహీనం. రెండూ బరువులో మాత్రం దాదాపు సమానం. ఒలింపిక్ డ్యామ్‌లో రాగి ప్రధానంగా హెమటైట్‌తో ఉంది. మాగ్నెటిక్ పటంలోని ఉబ్బెత్తు చాలావరకు ఇంకా లోతున ఉన్న వనరుది, గ్రావిటీ ఉబ్బెత్తు హెమటైట్ ముద్దది. మాగ్నెటిక్ ఒక్కదాన్నే నమ్ముకుంటే హెమటైట్ రకం నిక్షేపాల పక్క నుంచే దాటిపోయే ప్రమాదం ఉంది. ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న తరచూ అడుగుతారని మా జూనియర్లు చెబుతుంటారు. జవాబును ‘బరువు ఇద్దరిదీ, అయస్కాంతం ఒకరిదే’ అని గుర్తుంచుకుంటే చాలు.

పటం మీద గీతలు గీసి గనిని కనిపెట్టారట, నిజమేనా?

ఆ మాటలో కొంత నిజముంది. టిమ్ ఓడ్రిస్కాల్ అనే శాస్త్రవేత్త ఖండమంతా వ్యాపించిన పొడవాటి నిర్మాణ రేఖలను పటాల మీద గుర్తించేవాడు. వాటిని లీనియమెంట్లు అంటారు. అవి కలుసుకునే చోట భూమి పైపొర బలహీనంగా ఉంటుందని, ద్రవాలు పైకి రావడానికి అక్కడ దారి ఉంటుందని ఆయన వాదన. భూభౌతిక శాస్త్రవేత్త హ్యూ రటర్ గ్రావిటీ, మాగ్నెటిక్ పటాలను విశ్లేషించాడు. రెండు పనులూ చూపించిన చోట్లు కలిశాయి. గీతలు మాత్రమే చూసి బోరు వేయలేదు, కానీ చోటు ఎంపికలో వాటికి భాగం ఉంది. లీనియమెంట్ల విలువ మీద భూగర్భ శాస్త్రవేత్తల్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. నా దృష్టిలో వాటిని సాక్ష్యాల్లో ఒకటిగా చూడవచ్చు, ఒక్కటే సాక్ష్యంగా చూడకూడదు.

వాళ్ళ సిద్ధాంతం తప్పని చదివాను. మరి ఖనిజం ఎలా దొరికింది?

అనుకున్న బసాల్ట్ అక్కడ లేదు. అనుకున్నట్టు అవక్షేప శిలల్లో పరుచుకున్న రాగీ కాదు. గ్రానైట్ నలిగి ముక్కలై, మధ్యలో హెమటైట్ నిండిన రాయి దొరికింది. గ్రావిటీ ఉబ్బెత్తుకు కారణం బసాల్ట్ కాదు, హెమటైట్. అలాగని దీన్ని గుడ్డి అదృష్టం అనడం అన్యాయమని నా అభిప్రాయం. బరువైన ముద్ద లోతులో ఉందన్న ఊహ నిజమైంది. ఆక్సీకరణ చెందిన ద్రవాలు రాగిని మోసుకెళ్తాయన్న మూల సూత్రమూ నిజమే. తప్పిందల్లా ఆ రాగి ఏ రాయిలో, ఏ రూపంలో కూర్చుందన్నదే. కాస్త తప్పున్న సిద్ధాంతమైనా బోరు ఎక్కడ వేయాలో చెప్పగలిగితే, ఏ సిద్ధాంతమూ లేకుండా కూర్చోవడం కన్నా మేలు. వాళ్ళకు బోరు వేసి పరీక్షించే ధైర్యం ఉంది.

## డ్రిల్లింగ్

మొదటి బోరులోనే దొరికిందా?

రాగి తగిలింది, గని దొరకలేదు. ఆర్‌డీ 1 అనే మొదటి బోరును 1975లో వేశారు. 300 మీటర్లకు పైగా ఖనిజం లేని పై పొరలు దాటాక హెమటైట్ నిండిన రాయి వచ్చింది. అందులో 38 మీటర్ల పొడవున 1.05 శాతం రాగి. తర్వాత వరుసగా వేసిన బోర్లలో కొన్ని వట్టివే, కొన్నింటిలో రాగి ఉన్నా గట్టి నమ్మకం కలిగించేంత లేదు. 1976 చివర్లో వేసిన ఆర్‌డీ 10 కథను మార్చేసింది. అందులో 170 మీటర్ల పొడవున సుమారు 2.1 శాతం రాగి, దానితో పాటు యురేనియం. ఆ రోజు నుంచి ఎవరికీ అనుమానం లేదు.

38 మీటర్లకు 1.05 శాతం అంటే మంచి ఫలితమేనా? ఎలా చదవాలి?

1.05 శాతం అంటే టన్ను రాయిలో పదిన్నర కిలోల రాగి. 38 మీటర్లు అంటే బోరులో ఆ ఖనిజం ఉన్న ముక్క పొడవు. తక్కువ లోతులో, ఓపెన్ కాస్ట్‌గా (పైనుంచి గొయ్యి తీసి) తవ్వగలిగే చోట ఇది ఎంతో మంచి ఫలితం. 300 మీటర్లకు పైగా లోతులో భూగర్భ గని వేయాలంటే మాత్రం చాలదు, ఖర్చు రాదు. అందుకే ఆర్‌డీ 1 ఫలితం ఆశ పుట్టించింది గానీ కంపెనీ నిర్ణయాన్ని తేల్చలేదు.

డ్రిల్లింగ్ ఫలితం ఏదైనా నాలుగు విషయాలు చూడండి: పొడవు, శాతం, లోతు, బోరు ఖనిజాన్ని ఏ కోణంలో దాటింది. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. నిలువుగా నిలబడిన సన్నని ఖనిజ పట్టీలోకి దాని వెంటే బోరు దిగితే వంద మీటర్లు కనబడుతుంది, అసలు మందం ఐదు మీటర్లే ఉండొచ్చు.

మధ్య బోర్లు నిరాశపరిచినా ఎందుకు ఆపలేదు?

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. మీరు ఆ జట్టులో ఉన్నారనుకోండి. ఒక్కో బోరు ముందుగా 300 మీటర్లకు పైగా పనికిరాని రాయిని దాటాలి, ఆ దాకా పెట్టిన ఖర్చంతా సమాచారం ఇవ్వని ఖర్చే. అప్పట్లో హెడ్ ఆఫీసుకు చూపించడానికి ఉన్నది ఒకటి రెండు ఓ మాదిరి ఫలితాలు. ఎవరికైనా టెన్షనే.

ఆపకపోవడానికి నాకు మూడు కారణాలు కనబడతాయి. కోర్‌లో, అంటే బోరు నుంచి తీసిన రాతి కడ్డీలో, కనబడిన హెమటైట్ పరిమాణం మామూలుది కాదు, ఇంత ఇనుమును మోసుకొచ్చిన ద్రవ వ్యవస్థ చాలా పెద్దదై ఉండాలి. రాగి బలహీనంగా ఉన్న బోర్లలో కూడా రాయి నలిగిన తీరు, రసాయన మార్పు కిలోమీటర్ల దూరం ఒకేలా ఉన్నాయి. ఇక మూడోది మనుషుల విషయం. అన్వేషణ విభాగాన్ని నడిపిన రాయ్ వుడాల్, జిమ్ లాలర్ లాంటి వాళ్ళు శాస్త్రీయ ఆలోచనను పరీక్షించడానికి డబ్బు, సమయం ఇచ్చే వాతావరణం నిలబెట్టారు. చాలా కంపెనీల్లో నాలుగో బోరుకే ఫైలు మూసేస్తారు.

దీన్ని కనిపెట్టింది ఎవరు? ఒక్క పేరు చెప్పండి.

ఒక్క పేరు చెబితే మిగతావాళ్ళకు అన్యాయం చేసినట్టే. రాగి ఎలా కదులుతుందన్న ఆలోచన హేన్స్‌ది, నిర్మాణ రేఖలు ఓడ్రిస్కాల్‌వి, భూభౌతిక విశ్లేషణ రటర్‌ది, నాయకత్వం వుడాల్, లాలర్‌లది. క్షేత్రంలో డ్రిల్లర్లు, సహాయకులు ఎండలో పనిచేశారు. వాళ్ళలో ఒకరైన టెడ్ వెనన్ పేరును గని మొదటి షాఫ్టుకు పెట్టడం నాకు సంతోషం కలిగించే విషయం. పరీక్షలో జవాబు కావాలంటే ‘వెస్టర్న్ మైనింగ్ కార్పొరేషన్, 1975’ అని రాయండి.

## రాళ్ళు చెప్పే కథ

ఈ ఖనిజం వయసెంత?

సుమారు 159 కోట్ల ఏళ్ళు. చుట్టూ ఉన్న రాక్స్‌బీ డౌన్స్ గ్రానైట్‌లోని జిర్కాన్ స్ఫటికాల్లో యురేనియం, సీసం నిష్పత్తి కొలిచి ఆ గ్రానైట్ వయసు తేల్చారు. ఖనిజీకరణ దాదాపు అదే కాలంలో మొదలైంది. గాలర్ క్రేటన్ అనే ఆ ప్రాచీన భూఖండంలో అదే సమయంలో హిల్టబా గ్రానైట్లు, గాలర్ రేంజ్ లావాలు పెద్ద ఎత్తున పుట్టాయి. అంత వేడి ఒకేసారి పైకి రావడమే ఇక్కడి ఖనిజ సంపదకు ఇంధనం. తర్వాతి కాలాల్లో కూడా యురేనియం లాంటివి కొంత కదిలి మళ్ళీ కుదురుకున్న ఆనవాళ్ళు ఉన్నాయి.

బ్రెక్షియా అంటే ఏమిటి? ఇక్కడ అదెందుకంత ముఖ్యం?

కోణాలున్న రాతి ముక్కలు మరో పదార్థంతో అతుక్కుని తయారైన రాయి బ్రెక్షియా. కంకర వేసి సిమెంటు పోసిన కాంక్రీటు ముక్కను విరిచి చూస్తే ఎలా ఉంటుందో దాదాపు అలా ఉంటుంది. ఇక్కడ కంకర గ్రానైట్, సిమెంటు హెమటైట్. ద్రవాల ఒత్తిడికి, భ్రంశాల (రాయి పగిలి జరిగే చోట్ల) కదలికకు గ్రానైట్ పగిలింది. పగుళ్ళలోకి ఇనుము వచ్చింది, గ్రానైట్‌ను కొంచెం కొంచెంగా తినేసి దాని స్థానంలో కూర్చుంది. మళ్ళీ పగిలింది, మళ్ళీ ఇనుము వచ్చింది. ఇలా ఎన్నిసార్లు జరిగిందో చెప్పడానికి ఒకే కోర్ ముక్కలో బ్రెక్షియా లోపల బ్రెక్షియా కనబడుతుంది. మధ్యభాగంలో గ్రానైట్ ఆనవాలే లేకుండా హెమటైట్, క్వార్ట్జ్ మాత్రమే మిగిలాయి. ఆ నడిబొడ్డున రాగి దాదాపు లేదు. ఖనిజమంతా దాని చుట్టూ ఉంది.

ఇంత రాగి ఎక్కడినుంచి వచ్చింది?

ఎక్కువమంది ఒప్పుకునే వివరణ రెండు ద్రవాల కలయిక. లోతు నుంచి వేడిగా, ఇనుము మోసుకుంటూ వచ్చిన ద్రవం ఒకటి. పైనుంచి దిగిన చల్లని, ఉప్పని, ఆక్సిజన్ ఎక్కువున్న నీరు మరొకటి. రెండూ కలిసిన చోట రసాయన పరిస్థితి ఒక్కసారిగా మారి హెమటైట్, రాగి సల్ఫైడ్లు, యురేనియం ఖనిజాలు దిగబడ్డాయి. 1995లో ఈ కలయిక నమూనాను వివరించిన వ్యాసంలో ముఖ్య రచయిత డగ్లస్ హేన్సే. బసాల్ట్ కోసం వెతకమన్న మనిషే, ఇరవై ఏళ్ళ తర్వాత సాక్ష్యాలను చూసి కొత్త వివరణ రాశాడు.

వాదన అక్కడితో ఆగలేదు. 1983 నాటి మొదటి వర్ణన ఈ బ్రెక్షియాలను ఒక కుంగిన లోయలో పేరుకున్న అవక్షేపాలుగా చూసింది. తర్వాత 1990 ప్రాంతంలో అవి గ్రానైట్ లోపలే వేడి ద్రవాలతో ఏర్పడ్డాయన్న అభిప్రాయం బలపడింది. ఇటీవలి పనిలో నిజంగానే అవక్షేప శిలల ముక్కలు బ్రెక్షియాలో గుర్తించారు, అంటే పైన ఒకప్పుడు చిన్న బేసిన్ ఉండేదన్నమాట. మొదటివాళ్ళు చూసిందీ పూర్తిగా తప్పు కాదు.

లోపల రాగి ఏ ఖనిజాల రూపంలో ఉంది?

ముఖ్యంగా మూడు: చాల్కోపైరైట్, బోర్నైట్, చాల్కోసైట్. శుద్ధ రూపంలో వాటిలో రాగి వరుసగా సుమారు 35, 63, 80 శాతం. ఒలింపిక్ డ్యామ్‌లో అందమైన అమరిక ఉంది. బయట, లోతున పైరైట్, చాల్కోపైరైట్ ఉంటాయి. లోపలికి, పైకి వచ్చేకొద్దీ బోర్నైట్, ఆ తర్వాత చాల్కోసైట్. చాల్కోపైరైట్ ఆగి బోర్నైట్ మొదలయ్యే హద్దు చాలాచోట్ల స్పష్టంగా ఉంటుంది, మంచి ఖనిజం ఎక్కువగా ఆ హద్దు దగ్గరే దొరుకుతుంది. కోర్ లాగింగ్ (కోర్‌ను పరిశీలించి నమోదు చేసే పని) చేసేవాళ్ళు ఈ మార్పును కంటితోనే పట్టుకోవచ్చు. ఇత్తడి పసుపు నుంచి నెమలి పింఛం రంగులకు, ఆపైన సీసపు బూడిద రంగుకు మారుతుంది.

పైన 300 మీటర్ల రాయి ఎలా చేరింది?

ఖనిజం ఏర్పడ్డాక కోట్ల ఏళ్ళు ఆ ప్రాంతం అరిగింది. తర్వాత సముద్రాలు వచ్చి బల్లపరుపుగా క్వార్ట్జైట్, షేల్, సున్నపురాయి పొరలు పరిచాయి. ఆ పొరల వయసు ఖనిజం వయసులో సగం కూడా ఉండదు. పొరలు అడ్డమై అన్వేషకులను ఇబ్బంది పెట్టాయి గానీ, అవే లేకపోతే నిక్షేపం చాలావరకు అరిగిపోయి ఉండేది.

## గనిగా మారడం

1976లో దొరికితే 1988 దాకా ఎందుకు పట్టింది?

లోతు, డబ్బు, యురేనియం. 1979లో బ్రిటిష్ చమురు కంపెనీ బీపీ 49 శాతం వాటాతో చేరడంతో పెట్టుబడి సమకూరింది. అసలు గొడవ రాజకీయాల్లో జరిగింది. యురేనియం ఉంది కాబట్టి లేబర్ పార్టీ వ్యతిరేకించింది. 1982లో గనికి అనుమతినిచ్చే ఒప్పంద చట్టం రాష్ట్ర ఎగువ సభలో ఓడిపోయే పరిస్థితిలో, లేబర్ సభ్యుడు నార్మ్ ఫాస్టర్ సొంత పార్టీకి ఎదురు తిరిగి అనుకూలంగా ఓటు వేశాడు. ఆ ఒక్క ఓటుతో చట్టం నెగ్గింది. 1983, 1984లలో గని దగ్గర పెద్ద నిరసనలు జరిగాయి. ఉత్పత్తి 1988లో మొదలైంది. 1993లో బీపీ వాటాను వెస్టర్న్ మైనింగ్ కొనేసింది, 2005లో మొత్తం కంపెనీని గనుల దిగ్గజం బీహెచ్‌పీ కొన్నది. భారీ ఓపెన్ పిట్ తవ్వాలన్న ఆలోచనను 2012లో పక్కన పెట్టారు. ఇప్పటికీ భూగర్భ గనే.

అంత ఇనుము ఉంది కదా, అమ్మరా?

అమ్మరు. ఇది విన్నవాళ్ళంతా ఆశ్చర్యపోతారు. ఖనిజంలో ఇనుము సగటున నాలుగో వంతు ఉంటుంది. బైలాడీలా నుంచి రైల్లో మన విశాఖ ఓడరేవుకు వచ్చే ఇనుప ఖనిజంలో అరవై శాతానికి పైగా ఉంటుంది. దాంతో పోలిస్తే ఇది చాలా తక్కువ, పైగా రాగి, యురేనియం ఆనవాళ్ళు కలిసిన హెమటైట్‌ను ఉక్కు కర్మాగారాలు కోరుకోవు. కాబట్టి ఇనుము వ్యర్థాల మడుగులోకి పోతుంది. అరుదైన మూలకాలు కూడా పెద్ద మొత్తంలో ఉన్నా వాటిని వేరు చేయడం లేదు. అమ్మేవి రాగి, యురేనియం ఆక్సైడ్, బంగారం, వెండి. రాగిని అక్కడే కరిగించి శుద్ధి చేసి పలకలుగా పంపుతారు. ఒకే నిక్షేపంలోని యురేనియం నిల్వల్లో ప్రపంచంలో ఇదే పెద్దది.

ఎడారిలో నీళ్ళెక్కడివి? అక్కడివాళ్ళ సంగతేమిటి?

గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ నుంచి. గనికి ఉత్తరాన వంద కిలోమీటర్లకు పైగా దూరంలో బోర్లు వేసి పైపుల్లో తెస్తారు. ఆ భూగర్భ జలమే సహజ ఊటలుగా పైకి వస్తుంది. అరబానా ప్రజలకు ఆ ఊటలు పవిత్రం, అక్కడ తప్ప మరెక్కడా లేని జీవులు కొన్నింటిలో ఉన్నాయి. ఊటల ఒత్తిడి తగ్గుతుందన్న ఆందోళన దశాబ్దాలుగా ఉంది, అది న్యాయమైన ఆందోళన. గని ఉన్న ప్రాంతం కొకథా ప్రజల సంప్రదాయ భూమి. ఖనిజం గురించి రాసేటప్పుడు ఈ పేర్లను కూడా రాయడం మన బాధ్యత అనుకుంటాను.

## తర్వాతి అన్వేషణలు

ఆ ప్రాంతంలో ఇలాంటివి ఇంకా దొరికాయా?

దొరికాయి, కానీ చాలా నెమ్మదిగా. ప్రామినెంట్ హిల్‌ను 2001లో మినోటార్ అనే చిన్న కంపెనీ కనుగొంది. గ్రావిటీ ఉబ్బెత్తు మీద వేసిన మొదటి బోరులో 107 మీటర్లకు 1.94 శాతం రాగి. కరపటీనాను 2005లో రూడీ గోమెజ్ అనే అన్వేషకుడి చిన్న కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం డ్రిల్లింగ్ ఖర్చులో సాయం చేసే పథకం కింద కనుగొంది. అక్కడ రెండో బోరులో 178.2 మీటర్లకు 1.83 శాతం. సుమారు 470 మీటర్ల పై పొరల కింద.

ఓక్ డ్యామ్ కథ మరీ ఆసక్తికరం. 1970లలోనే అక్కడ బోర్లు పడ్డాయి. బీహెచ్‌పీ తిరిగి వెళ్ళి 2018లో ప్రకటించిన బోరులో 425.7 మీటర్లకు 3.04 శాతం రాగి వచ్చింది. ఒలింపిక్ డ్యామ్‌కు ఆగ్నేయంగా సుమారు 65 కిలోమీటర్ల దూరంలో, దాదాపు నలభై ఏళ్ళు అలా ఉండిపోయింది.

గ్రావిటీ ఉబ్బెత్తు ఉన్నచోటల్లా రాగి ఉంటుందా?

లేదు. ఒలింపిక్ డ్యామ్ దగ్గర్లోనే అక్రోపోలిస్ అనే ప్రాస్పెక్ట్ ఉంది. అక్కడ మాగ్నెటైట్ బాగా ఉంది, రాగి మాత్రం గని వేసేంత లేదు. ఇనుము తెచ్చిన ద్రవం వచ్చి, రాగి తెచ్చే ద్రవం రాకపోతే లేదా రెండూ కలవకపోతే అంతే. బసాల్ట్, గాబ్రో లాంటి మామూలు బరువు రాళ్ళు కూడా ఉబ్బెత్తు చూపిస్తాయి. ఇనుము గుర్తు మాత్రమే, హామీ కాదు.

ఒక కంపెనీ అద్భుతమైన బోరు ఫలితం ప్రకటించింది. షేర్లు కొనమంటారా?

కొనమనీ, వద్దనీ చెప్పను. కానీ ఇది అడగండి: ఆ ప్రకటనలో ఖనిజ నిల్వను లెక్కగట్టారా, లేక ఒక్క బోరేనా? ఆస్ట్రేలియాలో ఖనిజ నిల్వల ప్రకటనలకు వర్తించే జోర్క్ నియమావళి ప్రకారం నమ్మకం పెరిగేకొద్దీ ఇన్ఫర్డ్, ఇండికేటెడ్, మెజర్డ్ అని దశలుంటాయి. ఒక్క బోరు ఈ మూడింటిలో దేనిలోకీ రాదు. ఒలింపిక్ డ్యామ్ అంతటి చోటే మొదటి బోరు నుంచి మొదటి ఉత్పత్తి దాకా పదమూడేళ్ళు పట్టింది. అన్నేళ్ళు తాకకుండా ఉండగలిగే డబ్బయితేనే ఆలోచించండి. పిల్ల చదువు డబ్బు పెట్టకండి.

## మన దగ్గర

ఆంధ్ర, తెలంగాణల్లో ఇలాంటిది ఉందా?

ఒలింపిక్ డ్యామ్ స్థాయిది బయటపడలేదు. పల్నాడులో అగ్నిగుండాల ఖనిజ పట్టీ ఉంది, బండలమొట్టులో సీసం, నల్లకొండలో రాగి. కానీ అవి కడప బేసిన్ అవక్షేప శిలల్లోనివి, ఐఓసీజీ రకం కాదు. బయ్యారం, ఓబుళాపురం ఇనుము పట్టీలుగా పరుచుకున్న ఇనుప శిలల నుంచి వచ్చింది, దాని పుట్టుక వేరు. తుమ్మలపల్లె యురేనియం డోలమైట్ రాయిలో ఉంది. పేర్లలో రాగి, ఇనుము, యురేనియం ఉన్నంత మాత్రాన అన్నీ ఒకే కుటుంబం కావు. దేశంలో ఐఓసీజీతో పోలుస్తూ ఎక్కువగా చర్చించేవి రాజస్థాన్‌లోని ఖేత్రీ, ఝార్ఖండ్‌లోని సింగ్‌భూమ్ ప్రాంతాలు.

విద్యార్థిగా అసలు డేటా చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం సారిగ్ అనే పోర్టల్‌లో గ్రావిటీ, మాగ్నెటిక్ పటాలు, పాత అన్వేషణ నివేదికలు ఉచితంగా ఉంచింది. అడిలైడ్‌లోని టాన్స్‌లీలో కోర్ లైబ్రరీ ఉంది, అక్కడ చదివేవాళ్ళు అనుమతి తీసుకుని కోర్‌ను కళ్ళతో చూడొచ్చు. మన దేశానికి జియలాజికల్ సర్వే వారి భూకోశ్ పోర్టల్ ఉంది, 2023 చివర్లో జాతీయ భూవిజ్ఞాన డేటా భాండారం కూడా మొదలైంది. మొదటిరోజే నివేదికలన్నీ డౌన్‌లోడ్ చేసుకోకండి. ఒలింపిక్ డ్యామ్ చుట్టూ వంద కిలోమీటర్ల గ్రావిటీ పటం ఒక్కటి తెరిచి, గని పేరు దాచిపెట్టి, మీరైతే మొదటి బోరు ఎక్కడ వేస్తారో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. తర్వాత మాగ్నెటిక్ పటం తెరవండి.